తలుపున్న గదికి ముగ్గురు వారసులు

మా క్లినిక్‌లో పేషెంట్ల పేర్లు బయట చెప్పకూడదని రూల్ ఉంది. అందుకని ఆ ముసలాయన ఇంటిపేరు ఇక్కడ రాయను. రాసినా మీరెవరూ విని ఉండరు. ఆయన బాధంతా అదే.

నేను ఒమన్‌లో, బౌషర్ అనే చోట ఒక క్లినిక్ రిసెప్షన్‌లో కూర్చుంటాను. ఆయన మోకాలికి ఫిజియోథెరపీ కోసం వారానికోసారి వచ్చేవాడు. స్కాట్లాండ్ మనిషి. ఏళ్ళ తరబడి ఎడారిలో పైపులైన్ల పని చేసి, రిటైరై, తిరిగి వెళ్ళడం వాయిదా వేస్తూ ఇక్కడే ఉండిపోయాడు. మొదటిసారి వచ్చినప్పుడు సిస్టమ్‌లో ఎక్కించడానికి ఇంటిపేరు అడిగాను. చెప్పాడు. ఎక్కించాను. అక్కడితో అయిపోవాలి.

"ఈ పేరు ఎప్పుడైనా విన్నావా?" అన్నాడు.

వినలేదన్నాను.

"ఎవరూ వినలేదు. ఒకప్పుడు మా దేశాన్ని నడిపింది మా వాళ్ళే. గద్దెకి ఒక్క అడుగు దూరంలో ఉండేవాళ్ళం."

ఆయన వెనక క్యూలో ఒక ఒమానీ తాత చేతికర్రతో నేలని టకటకా కొడుతున్నాడు. నాకు చిరాకొచ్చింది.

"ఇప్పుడెక్కడున్నారు సార్?" అన్నాను.

"మోకాళ్ళ డాక్టర్ దగ్గర," అని నవ్వి, వెళ్ళి కూర్చున్నాడు.

నాకు ఎవరైనా తెలియని విషయం చెప్పి నవ్వితే పడదు. మధ్యాహ్నం క్లినిక్ మూసేలోపే ఫోన్‌లో ఆయన వంశం కథ సగం చదివేశాను. పాపం, ఆయన అబద్ధం చెప్పలేదు. ఏడొందల ఏళ్ళ కింద స్కాట్లాండ్‌లో ఆ కుటుంబం మాటే నడిచింది. రాజు ఎవరైనా సరే, పని చేసేది వీళ్ళు, కోటలు వీళ్ళవి, కోర్టులు వీళ్ళవి. తర్వాత గద్దె కోసం కొట్లాట వచ్చింది. గెలిచినవాళ్ళ బొమ్మ నోట్లకెక్కింది. వీళ్ళ పేరు మా క్లినిక్ కంప్యూటర్‌కెక్కింది.

ఇది చదువుతూ ఫ్లాట్‌కి వచ్చేసరికి అక్కడ మా రాజు గద్దె దిగిపోతున్నాడు.

మా ఫ్లాట్ సంగతి చెప్పాలి. క్లినిక్‌కి రిసెప్షన్ వాళ్ళనీ, ఇళ్ళకి పనివాళ్ళనీ, ముసలివాళ్ళని చూసుకునే వాళ్ళనీ పంపే కంపెనీ ఒకటే, కాబట్టి అందరం కంపెనీ ఫ్లాట్‌లో ఉంటాం. ఒక పెద్ద హాలు, హాల్లోనే ఒక మూల వంటగది, ఒక చిన్న గది. హాల్లో మూడు మంచాలు. చిన్న గదిలో ఒకటే మంచం, దానికో కిటికీ. కిటికీలోంచి కొండ తప్ప ఏమీ కనిపించదు. కానీ ఆ గదికి తలుపు ఉంది. వీధి తలుపు కాక, మిగతా ఫ్లాట్ మొత్తంలో తలుపున్నది బాత్రూమ్‌కి మాత్రమే.

ఆ గదిలో నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన పెద్దమ్మ ఉండేది. మొదట ఇబ్రా అనే ఊళ్ళో ఒక ఇంట్లో చాలా కాలం చేసి, తర్వాత బౌషర్‌కి వచ్చింది. వంట ఏం చేయాలో ఆవిడే చెప్పేది, బాత్రూమ్‌కి ఎవరు ముందో ఆవిడే చెప్పేది. మా ఫ్లాట్లన్నీ చూసుకునే కంపెనీ క్యాంప్ బాస్ వచ్చినా గుమ్మం దాటనిచ్చేది కాదు. "ఆడోళ్ళున్న ఇల్లు సార్, ఆడ్నే నిలబడి చెప్పుండ్రి" అనేది, హిందీలో కాదు, తెలుగులోనే. ఆయనకి తెలుగు రాదు, అయినా నిలబడిపోయేవాడు.

పెద్దమ్మ మంచం కింద ఒక చిన్న రాతి రోలు ఉండేది. ఊరి నుంచి సూట్‌కేసులో తెచ్చుకుందట. ఎయిర్‌పోర్ట్‌లో ఇదేంటని అడిగితే "దేవుడు" అని చెప్పిందట. ఎప్పుడైనా పచ్చడి నూరాలంటే ఆ గది తలుపు కొట్టి, అడిగి, రోలు తెచ్చుకోవాలి. ఆవిడ ఇచ్చిన రోజు పచ్చడి, ఇవ్వని రోజు పెరుగు.

ఆ పెద్దమ్మ ఇక చాలని ఖాయంగా ఇంటికి వెళ్ళిపోతోంది. సామాను బరువెక్కువై రోలు వదిలేసింది. ఎయిర్‌పోర్ట్‌కి పంపించి తిరిగి వచ్చాక, ముగ్గురం హాల్లో కూర్చుని టీ తాగుతున్నాం. ఒక గోదావరక్క, ఒక కడపక్క, నేను.

"మరి నా సామాను లోపలెట్టేసుకుంటానండి," అంది గోదావరక్క, ఎవరినీ చూడకుండా.

కడపక్క గ్లాసు కింద పెట్టింది. "యా లోపల?"

"ఆ గదిలోనమ్మా. పెద్దమ్మ నాకు చెప్పి ఎల్లింది. ఆయ్, ఇదిగో, ఈ పొయ్యి దగ్గరే చెప్పింది. అందరికన్నా ముందొచ్చింది నువ్వే కదే, ఆ గది నీదే, ఎవరికీ చెప్పకు అని."

"నాకూ సెప్పిందక్కా. బాత్రూం కాడ. నీకు పగలు నిద్ర ల్యాకుండా ఉండాది, ఆ రూమ్ నీకే, ఎవురికీ సెప్పాకు అనె."

ఇద్దరూ నా వైపు చూశారు. నాకూ చెప్పింది, లిఫ్ట్‌లో. "గా అర్ర నీదే బిడ్డా, ఎవ్వలకు చెప్పకు" అని భుజం తట్టింది. వెళ్ళేవాళ్ళు అందరికీ మంచి మాట చెప్పి వెళ్తారు. వెళ్ళేవాళ్ళకేం, విమానం ఎక్కేస్తారు.

"నాకు కూడా చెప్పింది. కానీ నాకొద్దు," అన్నాను.

"ఎందుకొద్దు?"

"ఆ గదిలో సిగ్నల్ రాదు."

ఇది నా త్యాగం. తర్వాత తెలిసింది, ముసలాయన వంశంవాళ్ళు కూడా సరిగ్గా ఇదే చేశారని. వాళ్ళకీ గద్దె మీద హక్కుంది, ఇంకా పాత రాజు ఒకడి తరఫున. కానీ పక్కకి తప్పుకుని బావమరిదిని నిలబెట్టారు. వాళ్ళ కారణం సిగ్నల్ అయ్యుండదు, అంతే తేడా.

నేను కడపక్క వైపు నిలబడ్డాను. ఎందుకంటే ఆ గది నిజంగా అవసరమైంది ఆవిడకే. కడపక్కది రాత్రి డ్యూటీ. ఒక పెద్దింట్లో మంచం దిగకూడని ఒమానీ నాయనమ్మని కాపలా కాయాలి. జద్దా అంటారు అక్కడ. ఆ జద్దా రాత్రంతా మేలుకుంటుంది, పగలు పడుకుంటుంది. కడపక్క పొద్దున వచ్చి కన్ను మూసేసరికి గోదావరక్క రెండిళ్ళ పొద్దుటి పని ముగించుకుని వచ్చేస్తుంది. నా క్లినిక్ మధ్యాహ్నం మూస్తారు, మళ్ళీ సాయంత్రం తెరుస్తారు, కాబట్టి నేనూ వచ్చేస్తాను. మిక్సీ, కుక్కర్ కూత, నా ఫోన్, గోదావరక్క వాళ్ళ ఊరి నుంచి ఫోన్లు, హాలు కిటికీలోంచి నిప్పులాంటి ఎండ. ఆ మధ్యలో మొహం మీద తువ్వాలు కప్పుకుని శవంలా పడుకునేది కడపక్క. శవానికైనా నిద్ర పట్టేది, ఆవిడకి పట్టేది కాదు.

గోదావరక్కది ఇంకో న్యాయం. ఎన్నో ఏళ్ళుగా హాల్లో వీధి తలుపు పక్క మంచం ఆవిడది. ఎవరు వచ్చినా, వెళ్ళినా ఆవిడ మంచం తగులుకునే వెళ్ళాలి. పెద్దమ్మ తర్వాత గది తనదేనని ఎదురు చూసింది. మధ్యాహ్నం ఓ గంట తలుపేసుకుని పడుకోవడం ఆవిడ కల. పెద్ద కల కాదు. అందుకే వదలడానికి మరీ కష్టం.

ఆ వారం గది ఖాళీగానే ఉంది. ఇద్దరూ తలో సగం సామాను లోపల పెట్టారు, ఎవరూ పడుకోలేదు. రోలు మంచం కిందే ఉంది. ఎవరు తీస్తే వాళ్ళు ఒప్పుకున్నట్టు అవుతుందని ఎవరూ ముట్టుకోలేదు. అందరం పెరుగు తిన్నాం.

శుక్రవారం మధ్యాహ్నం మేమందరం మెలకువగా ఉండే ఒకే ఒక పూట. గురువారం రాత్రి కడపక్కకి సెలవు. భోజనాలయ్యాక ఇద్దరూ చెరో దిక్కు తిరిగి కూర్చున్నారు. నేనే ఫోన్ తీసి, ముసలాయన కథ మొదలుపెట్టాను.

"ఒక రాజు. గాలివానలో పెళ్ళాం దగ్గరికి వెళ్తానని గుర్రమెక్కాడు. అందరూ వద్దన్నారు. వినలేదు. దారిలో పడి చచ్చిపోయాడు."

"కొత్త పెళ్ళామా?" అంది గోదావరక్క.

"కొత్తదే."

"అనుకున్నాను. పాత పెళ్ళామైతే వానయ్యాక ఎల్లేవోడు."

కడపక్క నవ్వబోయి ఆపుకుంది.

"కొడుకులు లేరు. ఉన్న ఒక్క మనవరాలు నార్వేలో ఉంది, చిన్నపిల్ల. ఓడలో తీసుకొస్తుంటే దారిలోనే పోయింది. ఇక గద్దె నాదంటే నాదని పదమూడు మంది లేచారు. గట్టివాళ్ళు ఇద్దరు. రాజుగారి చిన్నతాతకి ముగ్గురు కూతుళ్ళు. పెద్ద కూతురి మనవడొకడు, రెండో కూతురి కొడుకొకడు. ఎవరికివ్వాలి?"

"ఇందులో అడగడానికేవుందమ్మడూ? పెద్ద కూతురంటే పెద్ద కూతురే," అంది గోదావరక్క.

"అదెట్లయితాదక్కా?" కడపక్క ఇటు తిరిగింది. "పెద్దకూతురికి మనవడు, రెండో కూతురికి కొడుకు. కొడుకు దగ్గిరా, మనవడు దగ్గిరా? ఎవురు దగ్గిరుంటే వాళ్ళకే."

"దగ్గరని ఇచ్చుకుంటూ పోతే పెద్దరికం ఎందుకమ్మా ఇంక?"

"పెద్దరికాన్ని నెత్తిన పెట్టుకోని నిద్రపోతామా? అవసరం యాడుందో సూడల్ల."

"వాడికి అవసరమని ఎవరన్నారు? కథలో అవసరం అన్న మాటే రాలేదు!"

"కథ సంగతి ఎవురు మాట్లాడినారు ఇప్పుడు?"

నిజంగా ఆనందమేసింది నాకు. ఏడొందల ఏళ్ళ కింద పెద్ద పెద్ద లాయర్లు లాటిన్‌లో వాదించిన మాటలే ఇవి. వాళ్ళకి ఏడాది పైన పట్టింది, వీళ్ళు టీ చల్లారేలోపు ముగించారు.

"ఆ తర్వాత?" అని అడిగారు ఇద్దరూ ఒకేసారి.

"తర్వాత వాళ్ళలో వాళ్ళు తేల్చుకోలేక, పక్క దేశం రాజుని పిలిచారు. ఇంగ్లండ్ రాజు. నువ్వే న్యాయం చెప్పు అన్నారు." ఇక్కడ ఫోన్ పక్కన పెట్టాను. "మిగతాది వచ్చే శుక్రవారం."

మంచి పట్టు మీద ఆపాలి, లేకపోతే ఎవరూ మళ్ళీ రారు. రీల్స్ చేసేవాళ్ళందరికీ తెలిసిన విషయం. నాకు తెలియనిది ఒకటే, నా వాళ్ళు వచ్చే శుక్రవారం దాకా ఆగరని.

మంగళవారం మధ్యాహ్నం క్లినిక్ నుంచి వచ్చేసరికి హాల్లో క్యాంప్ బాస్ కూర్చుని ఉన్నాడు. గుమ్మంలో కాదు, లోపల, నా మంచం మీద. చేతిలో మా గ్లాసు, గ్లాసులో మా టీ. ఇద్దరక్కలూ చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఏమైంది?" అన్నాను.

"నువ్వు చెప్పావు కదా అమ్మడూ," గోదావరక్క గుసగుసలాడింది. "రాజులంతోళ్ళే బయటోణ్ణి పిలిచి న్యాయం అడిగారంట. మనమెంత? నేనూ ఈవిడా కలిసే ఫోన్ చేశాం."

వారం రోజుల్లో ఇద్దరూ కలిసి చేసిన ఒకే ఒక పని అది.

"అది చెప్పింది పిలవమని కాదు! పిలిచి నాశనమయ్యారని చెప్పబోతున్నా!"

"మరి ఆ ముక్క ఎందుకు సెప్పలేదు పాపా?" అంది కడపక్క.

ఈలోపు క్యాంప్ బాస్ గొంతు సవరించుకున్నాడు. ఆయన హిందీలో అన్నది ఇది: "ముందు ఒక మాట. నేనేం చెప్తే అది ఫైనల్. ఈ ఫ్లాట్‌లో ఏ మంచం ఎక్కడ, ఏ సామాను ఎక్కడ, అంతా నేనే చూస్తా. ఒప్పుకుంటేనే న్యాయం. లేదంటే ఖలాస్, నేను పోతా."

అక్షరం పొల్లు పోకుండా ఇంగ్లండ్ రాజు అన్నది ఇదే. ముందు నన్ను మీ పైవాడిగా ఒప్పుకోండి, తర్వాత మీలో రాజెవరో చెప్తా అన్నాడు. ఈయన ఎక్కడా చదివి ఉండడు. గుమ్మం దాటి లోపల టీ దొరికితే చాలు, ఎవరికైనా వచ్చేస్తుంది ఈ మాట.

"వద్దు! ఒప్పుకోవద్దు!" అని అరిచాను.

"ఠీక్ హై సార్," అన్నారు అక్కలిద్దరూ.

తీర్పు పెద్దరికానికి వచ్చింది. ఇంగ్లండ్ రాజు తీర్పు కూడా పెద్ద కూతురి వైపే వచ్చింది. గోదావరక్క మొహం వెలిగిపోయింది. కడపక్క లోపలికెళ్ళి తన సగం సామాను తెచ్చి హాల్లో మంచం కింద తోసుకుంది. ఆవిడ అరిచుంటే బాగుండేది. నేను అరిచాను ఆవిడ బదులు. క్యాంప్ బాస్ వెళ్ళేటప్పుడు నాకు ఒక సలహా ఇచ్చాడు, "మేడమ్, బీపీ చెక్ చేయించుకో, క్లినిక్‌లోనే కదా పని" అని.

రాజ్యం చేయడం ఎలా ఉంటుందో గోదావరక్కకి వారంలోనే తెలిసింది. బాస్ ఇప్పుడు ఎప్పుడైనా వచ్చేవాడు. ఒప్పుకున్నాం కదా. "మీ ఫ్లాట్ పెద్దని రమ్మను" అనేవాడు. బాత్రూమ్ బల్బు పోతే ఆవిడనే అడిగేవాడు, మెట్ల మీద చెత్త కనిపిస్తే ఆవిడనే పిలిచేవాడు. రెండిళ్ళ పని చేసి వచ్చిన మనిషి కింద పార్కింగ్‌లో ఎండలో నిలబడి జవాబులు చెప్పి వచ్చేది. మధ్యాహ్నం గంట నిద్ర ఎప్పుడు? తలుపు ఉంది, వేసుకునే తీరిక లేదు.

ఒక రోజు గోదావరక్క ధైర్యం చేసి రోలు బయటికి తీసి గోంగూర పచ్చడి నూరింది. కింది ఫ్లాట్‌వాళ్ళు చప్పుడని ఫిర్యాదు చేశారు. సాయంత్రం బాస్ మనిషిని పంపి రోలు తీసుకుపోయాడు.

నేను ఫోన్‌లో చూసింది నిజమా అని ఆ వారం ముసలాయనని అడిగాను. ఇంగ్లండ్ రాజు నిజంగా మీ రాళ్ళు కూడా తీసుకెళ్ళాడా అని.

"ఒకటే రాయి. దాని మీద కూర్చోబెట్టే మా రాజులకి పట్టాభిషేకం చేసేవాళ్ళు. ఎత్తుకుపోయాడు," అన్నాడు.

"మరి ఊరుకున్నారా?"

"తిరిగి తెచ్చుకున్నాం కదా."

"ఎప్పుడు?"

"ఏడొందల ఏళ్ళ తర్వాత. మేం తొందరపడే మనుషులం కాదు." మోకాలు పట్టుకుని లేస్తూ అడిగాడు, "మీ దగ్గర ఏం పోయింది?"

"పచ్చడి," అన్నాను.

ఆ తర్వాతి వారం సమాయిల్ అనే ఊళ్ళోని కంపెనీ సైట్ నుంచి సామాను వచ్చింది. అక్కడ కంపెనీ స్టోర్ మూసేశారట. ఫినాయిల్ డబ్బాలు, మాప్ కర్రలు, చీపుర్ల కట్టలు. బాస్ వాటిని తిన్నగా చిన్న గదిలో పెట్టించాడు. మంచం నాలుగు వైపులా డబ్బాలే. పగలు ఏ టైమ్‌లో పడితే ఆ టైమ్‌లో వేరే ఫ్లాట్ల అమ్మాయిలు వచ్చి, తలుపు తీసి, డబ్బా పట్టుకెళ్ళేవాళ్ళు. రాణిగారి పడకగది అంతా ఆసుపత్రి వాసన.

అప్పుడే కడపక్క సంగతి జరిగింది.

పొద్దున రోజూకన్నా ఆలస్యంగా వచ్చింది. వచ్చి మంచం మీద కూర్చుంది, చెప్పులు కూడా విప్పలేదు. కుర్చీలో కూర్చునే కన్ను మూసుకుపోయిందట. తెరిచేసరికి మంచం ఖాళీ. జద్దా కర్ర పట్టుకుని తనంతట తానే నడుచుకుంటూ పక్కింటికి వెళ్ళిపోయింది. అక్కడ పరుపు మీద కూర్చుని ఖర్జూరాలు తింటూ, కాఫీ తాగుతూ, ఎవరో పోయిన వాళ్ళ గురించి కబుర్లు చెబుతోందట. పక్కింటివాళ్ళు జాగ్రత్తగా తెచ్చి దింపారు.

"ముసిలామె ఎంత సంతోషంగా ఉన్నిందో," అంది కడపక్క. "నాకు పానం పోయినట్లయ్యె. ఆమె కూతురు మంచిది, అరవలేదు. ఇంకోసారి ఇట్లయితే మటుకు వేరే మనిషిని అడుగుతామని సెప్పింది. ఇంకోసారి కాకుండా ఎట్లా పాపా? నేను నిద్రపోయి ఎన్నాళ్ళయినాదో నాకే తెలీదు."

వేరే మనిషిని అడిగితే కంపెనీ ఈవిడని తిరిగి పంపించేస్తుంది. ఇంటికి వెళ్ళడం ఇష్టం లేదని కాదు. ఇలా వెళ్ళడం ఇష్టం లేదు.

గోదావరక్క స్టవ్ దగ్గరే ఉంది. అంతా విన్నది. కుక్కర్ కూత రాబోతుంటే మంట తగ్గించింది. అంతకుముందు ఎప్పుడూ తగ్గించలేదు.

ఆ శుక్రవారం కథ నేను మొదలుపెట్టలేదు. వంకాయలు తరుగుతున్నారు ఇద్దరూ, ఎదురెదురుగా, చెరో కత్తితో. గోదావరక్కే అడిగింది, "ఆ మిగిలింది చెప్పెయ్యి అమ్మడూ. సస్పెన్సులొద్దు."

చెప్పాను. పెద్ద కూతురి మనవణ్ణి, అంటే ముసలాయన వంశంవాళ్ళు నిలబెట్టిన బావమరిదిని, రాజుని చేసి, ఇంగ్లండ్ రాజు చిన్న చిన్న వాటికి కూడా వాణ్ణి తన ముందుకి పిలిపించి నిలబెట్టాడని. చివరికి ఆ రాజు కోటు మీదున్న రాజముద్ర కూడా పీకేయించాడని.

"పార్కింగ్‌లో నిలబెట్టాడా?" అంది గోదావరక్క.

"దాదాపు. అప్పుడు ఆ కుటుంబం ఉంది చూడు, మా ముసలాయన వాళ్ళది, వాళ్ళే లేచి కొట్లాడారు. దేశాన్ని మళ్ళీ వాళ్ళే నడిపారు. కానీ ఆ రెండో కూతురి కొడుక్కి మనవడొకడు ఇంకా గద్దె నాదే అంటున్నాడు. వాడూ, ముసలాయన వాళ్ళ కుటుంబం పెద్దా మాట్లాడుకుందామని చర్చిలో కలిశారు. దేవుడి ముందు ఎవరూ ఎవరినీ ఏం చెయ్యరు కదా అని. మాటా మాటా పెరిగింది. వాడు కత్తి తీసి, అక్కడే, దేవుడి ముందే..."

ఆగాను. సస్పెన్స్ కోసం కాదు. ఇద్దరి చేతుల్లో కత్తులూ ఆగిపోయాయి. ఒకరి కత్తి వైపు ఒకరు చూస్తున్నారు.

"పొడిచినాడా?" అంది కడపక్క.

"పొడిచాడు."

"సచ్చిపోయినోళ్ళ ఇంట్లోవాళ్ళు ఏమైరి?"

"అంతా పోయింది. కోటలూ, పొలాలూ. కొందరు పారిపోయారు. ఇప్పుడు వాళ్ళ పేరే ఎవరికీ తెలీదు."

"పొడిచినోడు?" గోదావరక్క.

"రాజయ్యాడు. నోటు మీద బొమ్మ కూడా ఉంది."

గోదావరక్క వంకాయ ముక్క గిన్నెలో వేసింది. "రాజైతే ఏవైందిలే. వాడి మంచం పక్కన కూడా ఎవడో ఫినాయిలెట్టే ఉంటాడు."

ముందు కడపక్కే నవ్వింది. ఆ తర్వాత ఆపలేకపోయింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వి, ఆ నీళ్ళు ఆగలేదు. గోదావరక్క కత్తి కింద పెట్టి, కొంగు చివర అందించింది, కానీ మొహం మాత్రం అటు తిప్పుకునే.

"మూడో కూతురి వైపు ఎవడూ రాలేదా?" అంది, మాట మార్చడానికి.

"వచ్చాడు. వాడు దేశాన్ని మూడు భాగాలు చేసి తలా ఒకటి తీసుకుందామన్నాడు. రాజ్యాన్ని ఎవరైనా పంచుకుంటారా అని కొట్టిపారేశారు."

"అందరిలో వాడొకడే మనిషి," అంది కడపక్క ముక్కు తుడుచుకుంటూ.

నేను ఫోన్ చూసుకుంటున్నట్టు కూర్చున్నాను. తెర ఆరిపోయి ఉంది.

"నేను ఆ గదిలో పడుకునేది రాత్రే కదా," అంది గోదావరక్క చివరికి, వంకాయతో మాట్లాడుతున్నట్టు. "పగలు అది ఖాళీయేగా."

"నీ మధ్యానం నిద్ర?"

"నాకెక్కడ పడుకోనిత్తున్నాడులే వాడు. హాల్లో కాసేపు నడుం వాలుత్తాను." వేలు చూపించింది. "కానీ నీ దుప్పటి నువ్వు తెచ్చుకో. నీ దిండు నువ్వు తెచ్చుకో. ఆ ఎల్లుల్లి కారం తిని గదిలోకి రాకు. నాకు రాత్రి పడదు."

"ఎల్లుల్లి కారం తినకుండా యెట్ల బతకాల్న మే?" అంది కడపక్క. అక్కా అనడం మానేసి, తోటిదాన్ని పిలిచినట్టు మే అంది. గోదావరక్క అది గమనించింది, ఇంకో వంకాయ అందుకుంది.

ఆదివారం బాస్ వచ్చాడు. చిన్న గది తలుపుకి తాళం వేసి ఉంది. లోపల కడపక్క పడుకుని ఉంది. తాళం ఎందుకని అడిగాడు. గోదావరక్క గుమ్మంలో నిలబడింది, పెద్దమ్మ నిలబడే చోటే. ఆవిడ హిందీ నాకన్నా ఘోరం, కానీ ఆ రోజు ఒక్క మాటా తడబడలేదు.

"సార్, యే రూమ్ మేరా. మీరే ఫైనల్ చేశారు. మీ ఫైనల్ మీద ఫైనల్ ఉంటుందా? నా రూమ్, నా తాళం. ఫినాయిల్ కావాలంటే సాయంత్రం ఆరు తర్వాత రమ్మనండి అమ్మాయిల్ని."

బాస్ నా వైపు చూశాడు. నేను బీపీ చెక్ చేసుకున్నట్టు మణికట్టు పట్టుకున్నాను. ఆయన ఏదో అనబోయి, తన తీర్పే తనకి అడ్డం కనబడి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

రోలు సంగతి నేనే చూసుకున్నాను. ఏదో స్టాంప్ కోసం కంపెనీ అకామడేషన్ ఆఫీసుకి వెళ్తే, అది అక్కడే ఉంది. ఏసీ గది తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టారు. పెద్దమ్మ ఎయిర్‌పోర్ట్‌లో దేవుడని చెప్పిన రాయి. ఎవరితోనైనా పోట్లాడదామని చుట్టూ చూశాను, లంచ్ టైమ్, ఒక్కడూ లేడు. పోట్లాట లేకుండా ఒక పని చేయాల్సి రావడం నాకు అవమానంగానే అనిపించింది. ఫోన్ బ్యాగ్‌లో పడేసి, రెండు చేతులతో రోలు ఎత్తుకుని బయటికి నడిచాను. వెనక తలుపు దానంతటదే మూసుకుంది. ఒడిలో రాయి పెట్టుకుని కూర్చున్న నన్ను టాక్సీ డ్రైవర్ అద్దంలో రెండుసార్లు చూశాడు.

ముసలాయనకి చెప్పాను. ఏడొందల ఏళ్ళు పట్టలేదన్నాను.

"మా కుర్రాళ్ళు కొందరు మధ్యలో ఒకసారి ఇలాగే ఎత్తుకొచ్చారు," అన్నాడు. "దారిలో రెండు ముక్కలైంది. నీది?"

"ముక్కలు కాలేదు."

"అయితే మీరు మాకన్నా మేలు." తర్వాత అడిగాడు, "మరి పచ్చడి ఎలా ఉంది?"

ఇక్కడే వచ్చింది చిక్కు. రోలు వచ్చింది. గోంగూర వచ్చింది. నూరడానికి మాకందరికీ తీరికుండేది మధ్యాహ్నమే. మధ్యాహ్నం కడపక్క పడుకుంటుంది. రోలు తెచ్చిన రోజు గోదావరక్క గోంగూర వేయించి, అందులో వేసి, చెయ్యి ఎత్తి, మూసి ఉన్న తలుపు వైపు చూసి, దించేసింది.

"సాయంత్రం నూరుకుందాంలే," అంది.

సాయంత్రం ఆవిడకి మళ్ళీ ఇళ్ళ పని, నాకు క్లినిక్. కాబట్టి పచ్చడి ఇప్పటికీ శుక్రవారాల్లోనే. మిగతా రోజులు పెరుగు.

ఈ మాటలు హాల్లో నా మంచం మీద కూర్చుని రాస్తున్నాను. గోదావరక్క కొంగు మొహం మీద కప్పుకుని ఎండలో పడుకుంది, నిద్ర రాక అటూ ఇటూ దొర్లుతోంది. నా ఫోన్ సైలెంట్‌లో ఉంది. ఇంటి నుంచి ఫోన్ వస్తే మెట్ల మీదకెళ్ళి మాట్లాడుతున్నాను. తలుపు వెనక నుంచి గురక వినిపిస్తోంది. చాలా పెద్ద గురక, కింది ఫ్లాట్‌వాళ్ళు మళ్ళీ ఫిర్యాదు చేస్తారేమో అన్నంత.

చేస్తే చేయనీ. ఈసారి ఎవర్నీ పిలవం.